కొండతేనె ఇంటికి తెచ్చాక: నిల్వ ఎలా, వడ్డన ఎలా

వేసవి రాగానే నన్ను అడిగే ప్రశ్నల్లో సగం తేనె మీదే ఉంటాయి. "సీతంపేట సంతలో కొన్నాం, నెల తిరక్కుండా నురగ కట్టింది, కల్తీయా?" "సంక్రాంతికి చూస్తే అడుగున గడ్డకట్టేసింది, పంచదార కలిపారా?" "ఫ్రిజ్‌లో పెట్టాలా, బయటే ఉంచాలా?" ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పడం కంటే ఒకచోట రాసిపెడితే అందరికీ పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

ఫ్రిజ్ సంగతి ముందే చెప్పేస్తాను. చిక్కటి తేనెకు ఫ్రిజ్ అక్కర్లేదు, పలచటి తేనెకు ఫ్రిజ్ తప్పదు. అందుకని మీ సీసాలో ఉన్నది ఏ రకమో ముందు తేల్చుకోవాలి. ఇంట్లో కిచెన్ తూకం ఉంటే తేలికైన పనే.

ఎందుకని అడిగేవాళ్లకు క్లుప్తంగా. తేనెలో నీటి శాతం తక్కువగా ఉన్నంతకాలం అందులో ఏ సూక్ష్మజీవీ పెరగలేదు. ప్యాకెట్ తేనెకు మన దేశంలో ఆహార ప్రమాణాల సంస్థ పెట్టిన హద్దు 20 శాతం. అది దాటితే, తేనెలో సహజంగానే ఉండే ఈస్ట్ మేలుకుని పులియబెట్టడం మొదలుపెడుతుంది. కొండల్లో తుట్టె పూర్తిగా మైనంతో మూసుకోకముందే కోసినా, వాన పడ్డాక కోసినా నీరు ఎక్కువే ఉంటుంది. అది కల్తీ కాదు, పచ్చి తేనె.

కావలసినవి

- మూత బిగుతుగా పట్టే గాజు సీసాలు. పెద్దది ఒకటి కంటే చిన్నవి మూడు మేలు.
- సన్నటి మెడ ఉన్న గాజు సీసా ఒకటి, అర లీటరుదైతే మంచిది. ఇది కొలతకు మాత్రమే.
- గ్రాముల్లో చూపించే కిచెన్ తూకం. లేకపోతే వీధి చివర కిరాణా కొట్టులో రెండు నిమిషాలు అడిగితే ఎవరూ కాదనరు.
- స్టీలు టీ వడకట్టు, ఉతికి బాగా ఆరబెట్టిన పలచటి నూలు గుడ్డ.
- మార్కర్, అంటించడానికి కాగితం ముక్క.

పింగాణీ జాడీ ఉంటే అదీ పనికొస్తుంది, కానీ ఆవకాయ పెట్టిన జాడీ వద్దు. ఎంత కడిగినా ఆ వాసన తేనెకు పట్టేస్తుంది. రాగి, ఇత్తడి, ఇనుము పాత్రల్లో నిల్వ పెట్టకండి, తేనెలో పులుపు ఉంటుంది కాబట్టి లోహం దిగుతుంది. స్టీలు డబ్బా ఫర్వాలేదు.

1. కొనేటప్పుడే రెండు మాటలు అడగండి

2022లో జిల్లాలు విడిపోయాక సీతంపేట పార్వతీపురం మన్యంలోకి వెళ్లింది గానీ, శ్రీకాకుళం వాళ్లకు కొండతేనె అనగానే ఇప్పటికీ అదే గుర్తొస్తుంది. విజయనగరం వాళ్లకైతే సాలూరు, కురుపాం వైపు. సంతలో సవర, జాతాపు గిరిజనుల దగ్గర నేరుగా కొంటుంటే మర్యాదగా అడగండి: "తుట్టె పిండి తీశారా అమ్మా, దానంతట అది కారనిచ్చారా? వాన పడక ముందు కోసిందా, తర్వాతా?" పిండిన తేనెలో పుప్పొడి, మైనం, ఒక్కోసారి పిల్ల పురుగుల రసం కూడా కలుస్తాయి, త్వరగా పులుస్తుంది. కారనిచ్చిన తేనె ఎక్కువకాలం ఉంటుంది. నిజం చెప్పేవాళ్లే ఎక్కువ. ఏ తేనె అయినా కొనుక్కోవచ్చు, ఎలా దాచాలో తెలిస్తే చాలు.

ధర దగ్గర ఒక మెలిక ఉంది. తేనె నీళ్ల కంటే బరువు. లీటరు సీసా నిండా మంచి తేనె పడితే దాదాపు కిలో 400 గ్రాములు తూగుతుంది. 750 మిల్లీలీటర్ల సీసాలో కిలో కంటే కాస్త ఎక్కువే పడుతుంది. ఎవరైనా లీటరు సీసా నిండా పోసి "కిలో" అంటున్నారంటే, ఒకటి మీకు 400 గ్రాములు ఊరికే ఇస్తున్నారు, లేదా అందులో నీరు ఉంది. లీటరు ధరా కిలో ధరా అన్నది తేల్చుకున్నాకే బేరం ఆడండి.

సంత దాకా వెళ్లలేనివాళ్లకు గిరిజన సహకార సంస్థ దుకాణాలు ఉన్నాయి. జీసీసీ అంటే అందరికీ తెలుసు, 1956 నుంచి నడుస్తోంది, ప్రధాన కార్యాలయం విశాఖలో. ఆ తేనె వడకట్టి, శుద్ధి చేసి వస్తుంది కాబట్టి కింద చెప్పే 2, 3 మెట్లు మీకు అక్కర్లేదు, నేరుగా 4కి వెళ్లిపోండి.

2. సీసా మార్చండి, ముందు ఆరబెట్టండి

సంతలో తేనె ఎక్కువగా పాత కూల్‌డ్రింక్ సీసాల్లోనో, మందు సీసాల్లోనో వస్తుంది. ఇంటికి రాగానే మార్చేయాలి. కొత్త సీసాను వేడినీళ్లతో కడిగి, బోర్లించి, ఒక పూట ఎండలో ఉంచండి. లోపల ఒక్క నీటిబొట్టు కూడా ఉండకూడదు. గుడ్డతో తుడిచి "ఆరిపోయింది" అనుకోవడమే ఎక్కువమంది చేసే తప్పు. మూత లోపలి రబ్బరు వాషర్ కింద తడి దాక్కుంటుంది, దాన్ని ఊడదీసి ఆరబెట్టండి.

3. వడకట్టి, రెండు రోజులు కదపకండి

టీ వడకట్టు మీద నూలు గుడ్డ వేసి తేనె పోయండి. దానంతట అది కారాలి. తొందరపడి గుడ్డ పిండితే మీరు ఆపాలనుకున్న చెత్తంతా కిందికి దిగుతుంది. చలికాలమైతే సీసాను కాసేపు గోరువెచ్చటి నీళ్లలో పెట్టి ఆ తర్వాత వడకట్టండి.

వడకట్టిన తేనెను మూతపెట్టి రెండు రోజులు అలాగే వదిలేయండి. గాలి బుడగలు, మైనం పొడి పైకి తేలి తెల్లటి పొరలా నిలుస్తాయి. పొడి చెంచాతో తీసేయండి. ఈ పొర చూసి "నురగ వచ్చింది, పాడైంది" అని కంగారు పడకండి. మొదటి రెండు మూడు రోజుల్లో వచ్చి ఆగిపోయే పొర మామూలే. తీసేసిన తర్వాత కూడా వారం వారం కొత్తగా నురగ పుడుతుంటే అప్పుడు అనుమానించాలి.

4. తూచి చూడండి

ఇక్కడ మాత్రం తొందర వద్దు. మిగతా నిర్ణయాలన్నీ దీని మీదే ఆధారపడతాయి.

సన్నమెడ సీసా ఖాళీగా తూచి బరువు రాసుకోండి. తూకం మీదే ఉంచి 500 గ్రాముల నీళ్లు పోయండి. నీళ్లు ఎంతవరకు వచ్చాయో మెడ మీద మార్కర్‌తో సన్నగా గీత గీయండి. నీళ్లు పారబోసి, సీసాను పూర్తిగా ఆరబెట్టండి. ఆ తర్వాత అదే గీత వరకు తేనె పోసి, బుడగలు పైకి పోయేదాకా ఒక రాత్రి ఉంచి, గీతకు సరిచేసి తూచండి. సీసా బరువు తీసేస్తే తేనె బరువు వస్తుంది.

- 710 గ్రాములు, ఆపైన: చిక్కటి తేనె. అలమారలో ఏడాది పైనే హాయిగా ఉంటుంది.
- 700 నుంచి 710: ఫర్వాలేదు. సుమారుగా 20 శాతం హద్దు దగ్గర ఉంది. బయటే పెట్టండి, వర్షాకాలంలో ఓ కన్నేసి ఉంచండి.
- 690 నుంచి 700: పచ్చి తేనె. రెండు మూడు నెలల్లో వాడేయండి, లేదా ఫ్రిజ్‌లో పెట్టండి.
- 690 లోపు: కొన్న రోజే ఫ్రిజ్‌లోకి.

గీత దగ్గర ఒక చెంచా అటూ ఇటూ అయితే ఏడెనిమిది గ్రాములు తేడా వస్తుంది, అందుకే సన్నమెడ సీసా అన్నాను. వెడల్పు మూతి సీసాతో ఈ లెక్క తప్పుతుంది. నీళ్లు, తేనె రెండూ గది వేడిమిలోనే ఉండాలి.

ఈ తూకం నీటి శాతాన్ని మాత్రమే చెబుతుంది. పంచదార పాకమో, ఫ్యాక్టరీ సిరప్పో కలిపితే పట్టుకోలేదు, ఎందుకంటే చిక్కటి పాకం కూడా అంతే బరువు ఉంటుంది. ఆ మాటకొస్తే గ్లాసు నీళ్లలో చుక్క వేయడం, అగ్గిపుల్లకు రాసి వెలిగించడం, బొటనవేలి మీద చుక్క, చీమలు పట్టకపోవడం, కుక్క నాకకపోవడం, ఇవేవీ కల్తీని పట్టలేవు. చాలావరకు చిక్కదనాన్నే చూపిస్తాయి. 2020 డిసెంబరులో ఢిల్లీలోని సీఎస్‌ఈ (సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్) సంస్థ పేరున్న బ్రాండ్ల పరీక్షా ఫలితాలు బయటపెడితే, మామూలు పరీక్షల్లో నెగ్గినవి కూడా విదేశీ ల్యాబ్‌లో ఎన్‌ఎంఆర్ (తేనెను అణువుల స్థాయిలో చూసే) పరీక్ష దగ్గర దొరికిపోయాయి. పెద్ద ల్యాబ్‌లకే కష్టమైన పని అగ్గిపుల్లతో అవుతుందా? కల్తీ భయానికి మందు ఒక్కటే, తెలిసిన చోట కొనుక్కోవడం.

5. చోటు నిర్ణయించండి

చిక్కటి తేనె: వెలుతురు పడని అలమార, పొయ్యికి దూరంగా. పొయ్యి పైన అటక మీద పెట్టేవాళ్లు చాలామంది. అక్కడి వేడికి రంగు ముదిరి, వాసన పోతుంది.

మన తీరంలో గాలి తడి అసలు శత్రువు. గాలిలో తేమ 60 శాతం దాటితే మూత లేని తేనె ఆ తేమను పీల్చుకుంటుంది. కళింగపట్నం, బారువ, భోగాపురం వైపు ఏడాదిలో చాలా రోజులు అంతకంటే ఎక్కువే. అంటే మూత వదులుగా పెట్టిన సీసాలో పైపొర రోజురోజుకీ పలచన అవుతుంది, పులుపు అక్కడే మొదలవుతుంది. చిన్న సీసాలు మేలన్నది ఇందుకే: ఒకటి వాడుతుంటే మిగతావి మూత తీయకుండా ఉంటాయి. దేవుడి గదిలో గిన్నెలో పోసి ఉంచే తేనె కూడా ఇంతే. పంచామృతానికి ఏ రోజుకారోజు నాలుగు చెంచాలు తీసుకోండి, మిగిలింది తిరిగి సీసాలో పోయకండి.

పలచటి తేనె: ఫ్రిజ్. చల్లదనానికి ఈస్ట్ పని ఆగిపోతుంది. గడ్డకట్టొచ్చు, కట్టనివ్వండి. పులిసిపోవడం కంటే గడ్డకట్టడం నయం.

"నీరు ఇగరబెట్టడానికి మరిగించొచ్చా?" అని అడుగుతారు. వద్దు. తేనె పాకమైపోతుంది. ఇంట్లో ఏసీ ఉంటే ఒక దారి ఉంది: వెడల్పాటి స్టీలు పళ్లెంలో పలచగా పోసి, మీద గుడ్డ కప్పి, ఏసీ నడిచే గదిలో తలుపులు మూసి ఒక రాత్రి ఉంచండి. ఆ పొడి గాలికి కొంత నీరు పోతుంది. ఉదయం మళ్లీ తూచుకోండి. ఏసీ లేకుండా ఫ్యాను కింద ఈ పని చేయకండి, వానాకాలంలోనైతే అసలు వద్దు. నీరు తగ్గకపోగా పెరుగుతుంది.

చీమల కోసం పళ్లెంలో నీళ్లు పోసి మధ్యలో సీసా పెట్టడం మంచి పద్ధతే, కాకపోతే మూత బిగుతుగా ఉండాలి. సీసా బయట, మూత మరల దగ్గర అంటిన జిగురును ప్రతిసారీ తడిగుడ్డతో తుడిచి, పొడిగుడ్డతో మళ్లీ తుడిస్తే చీమలే రావు.

సీసా మీద కాగితం అంటించి ఎప్పుడు కొన్నారో, ఎక్కడ కొన్నారో, ఎంత తూగిందో రాయండి. ఆరు నెలల తర్వాత ఇది చాలా పనికొస్తుంది.

6. గడ్డకడితే కరిగించడం

గడ్డకట్టడం కల్తీకి గుర్తు కాదు. తేనెలోని గ్లూకోజ్ పలుకులు కట్టడమే అది. 10 నుంచి 15 డిగ్రీల మధ్య అది బాగా జోరుగా జరుగుతుంది, కాబట్టి చలికాలం రాత్రుల్లో కొండ ప్రాంతాల్లో త్వరగా కడుతుంది. ఆవ, పొద్దుతిరుగుడు పూల తేనె అయితే మరీ త్వరగా. అలాగే తినొచ్చు, చోడి (రాగి) రొట్టె మీద వెన్నలా రాసుకోవచ్చు.

పలుకులు వద్దనుకుంటే: గిన్నెలో నీళ్లు వేడి చేసి, పొయ్యి ఆపేసి, చేయి పెట్టి తట్టుకునేంత వేడికి రానివ్వండి. అంటే 40, 45 డిగ్రీలు. గాజు సీసా మూత కాస్త వదులు చేసి అందులో నిలబెట్టండి. నీళ్లు సీసా మెడకు కిందే ఉండాలి. చల్లారితే నీళ్లు మార్చండి. పెద్ద సీసా అయితే రెండు మూడు గంటలు పడుతుంది. ప్లాస్టిక్ సీసాతో ఈ పని చేయకండి, ముందు గాజులోకి మార్చుకోండి. ఫ్రిజ్‌లోంచి తీసిన గాజు సీసాను వెంటనే వేడినీళ్లలో పెట్టినా చిట్లుతుంది, గంటసేపు బయట ఉంచండి. మైక్రోవేవ్ వద్దు: ఒకచోట సలసల కాగుతుంటే పక్కనే గడ్డ అలాగే ఉంటుంది.

అన్నీ ఒకేసారి కరిగించకండి, వాడుకునే చిన్న సీసా చాలు. కరిగించిన ప్రతిసారీ కొంత సువాసన పోతుంది.

ఒక జాగ్రత్త. సగం గడ్డకట్టి సగం పలచగా పైన తేలుతుంటే, ఆ పై భాగంలో నీటి శాతం ఎక్కువ. అలాగే నెలల తరబడి వదిలేయకండి. కరిగించి కలపండి, లేదా ఫ్రిజ్‌లో పెట్టండి.

7. వడ్డన

చెంచా పొడిగా ఉండాలి. స్టీలు చెంచా అయినా, చెక్క చెంచా అయినా తేడా లేదు. పెరుగులో ముంచిన చెంచానే తేనెలో పెట్టడం మాత్రం మానేయండి.

నిమ్మకాయ నీళ్లలో అయితే నీళ్లు తాగగలిగేంత గోరువెచ్చగా అయ్యాక కలపండి. పాలు, టీ కూడా అంతే. వేడి చేసిన తేనె వద్దని ఆయుర్వేదం చెబుతుంది. అది పక్కన పెట్టినా, మరిగే వేడికి కొండపూల వాసన ఎగిరిపోతుంది, మిగిలేది తీపి. ఆ తీపికి పంచదార చాలదూ?

మన ఇళ్లలో బాగా కుదిరేవి: చల్లారిన చోడి అంబలిలో ఒక చెంచా, వేడి దిబ్బరొట్టె కాస్త చల్లారాక దాని మీద, పనసతొనల మీద నాలుగు చుక్కలు, పలాస జీడిపప్పు దోరగా వేయించి తేనెలో కలిపి. ఇది పిల్లలకు మహా ఇష్టం, కానీ రెండు రోజుల్లో తినేయాలి, లేకపోతే జీడిపప్పు మెత్తబడుతుంది. అతిథులకు రెండు రకాల తేనె పెడుతుంటే లేత రంగుది ముందు, ముదురు రంగుది తర్వాత ఇవ్వండి. ఫ్రిజ్‌లోంచి తీసి వెంటనే పెట్టకండి, చల్లగా ఉంటే వాసన తెలియదు.

ఏడాది నిండని పిల్లలకు తేనె ఒక్క చుక్క కూడా వద్దు. పుట్టిన బిడ్డ నాలుక మీద తేనె రాసే ఆచారం చాలా ఇళ్లలో ఉంది, పెద్దవాళ్లకు నొప్పి కలగకుండా మాన్పించండి. తేనెలో బోట్యులిజం అనే ప్రమాదకరమైన జబ్బును కలిగించే బ్యాక్టీరియా బీజాలు ఉండొచ్చు. పెద్దల పేగుల్లో అవి ఏమీ చేయలేవు, పసిపిల్లల్లో ప్రాణాపాయం. వేడి చేసినా ఆ బీజాలు చావవు, కాబట్టి "మరిగించి పెడతాం" అన్నా కుదరదు.

షుగర్ ఉన్నవాళ్లు తేనెను మందులా కాకుండా తీపిగానే లెక్కపెట్టుకోవాలి. ఒక పెద్ద చెంచాలో దాదాపు 17 గ్రాముల చక్కెరలు ఉంటాయి.

8. పొంగితే

మూత తీయగానే బుస్సుమని గాలి వచ్చి, పుల్లటి వాసన, నాలుక మీద చురుక్కుమంటే పులియడం మొదలైనట్టే. మొదట మూత వదులు చేయండి. గ్యాస్ నిండిన గాజు సీసా పగలగలదు. తర్వాత ఫ్రిజ్‌లో పెట్టండి, వారంలోగా వంటలో వాడేయండి: పాకం గారెలకు, కేకుకు, పులుసులో బెల్లం బదులు. ఆపాలనుకుంటే గిన్నె నీళ్లలో సీసా పెట్టి, తేనె వేడి 63 డిగ్రీలకు తెచ్చి అరగంట అక్కడే ఉంచాలి. థర్మామీటర్ ఉంటేనే చేయండి. ఈస్ట్ చస్తుంది గానీ రుచి మునుపటిలా ఉండదు. పైన బూజు ఉంటే, లేదా కుళ్లు వాసన వస్తే పారేయండి.

"విదేశాల్లో తేనెను పులియబెట్టి మీడ్ తాగుతారు కదా, ఇదీ అదేగా?" అనే కొంటె ప్రశ్న కూడా వస్తుంటుంది. మీడ్‌కు తేనెలో కొలత ప్రకారం నీళ్లు కలిపి, ఎంచుకున్న ఈస్ట్ వేసి, గాలి చొరబడని పాత్రలో వారాల తరబడి పులియబెడతారు. మీ సీసాలో పుట్టిన పులుపు అది కాదు, రుచీ రాదు. పైగా మన రాష్ట్రంలో లైసెన్సు లేకుండా ఇంట్లో మద్యం తయారుచేయడం నేరం.

నెలకోసారి చూసుకోవాల్సినవి

మూత తీసినప్పుడు చప్పుడు వస్తోందా? పైన కొత్త నురగ ఉందా? సీసా వంచితే పై భాగం నీళ్లలా జారి, అడుగు భాగం ఆలస్యంగా కదులుతోందా? వాసన పూలదా, కల్లుదా? ఈ నాలుగూ సరిగ్గా ఉంటే ఇంకేం చూడక్కర్లేదు. రంగు ఏడాదికేడాది కాస్త ముదరడం సహజం, దానికి టెన్షన్ పడకండి.

తేనె కాకుండా తుట్టె ముక్కే తెచ్చుకున్నవాళ్లకు: డబ్బాలో పెట్టి రెండు రోజులు డీప్ ఫ్రీజర్‌లో ఉంచితే మైనం తినే పురుగుల గుడ్లు చచ్చిపోతాయి. బయటకు తీశాక డబ్బా మూత వెంటనే తెరవకండి, గది వేడికి వచ్చేదాకా ఆగండి. లేకపోతే చల్లటి తుట్టె మీద గాలిలోని తేమంతా నీటిబొట్లుగా దిగుతుంది.